పరాయివాడికి అర్థం

"స్ట్రేంజర్ అంటే మన పోలిష్‌లో ‘గోష్చ్’ కాదు, లెయొకాదియా గారూ. అది అతిథి. ఈ పదాల అట్ట వెనక ‘ఓబ్త్సి’ అని రాయాలి, పరాయివాడని," అంటూ ఇంగ్లీషు టీచరు కోర్దులా ఆ మాటను ఎర్ర సిరాతో కొట్టేసింది.

డెబ్భై దాటిన విద్యార్థిని అట్టను వెనక్కి తోసింది. "నేను మార్చను."

"పరీక్ష తప్పుతారు."

"తప్పితే తప్పుతా. మన ఆచారం ప్రకారం క్రిస్మస్ ముందు రాత్రి బల్ల మీద ఒక పళ్ళెం ఎక్కువ పెడతాం. ఎవరికే అమ్మాయ్?"

"చెప్పకుండా వచ్చే అతిథికి."

"అంటే ముక్కూ మొహం తెలియనివాడికేగా! మీ ఇంట్లో ఎప్పుడైనా ఎవరైనా తిన్నారా అందులో?"

కోర్దులా ఇంట్లో ఏటా ఆ పళ్ళెం కడిగే పని లేకుండానే అలమారాలోకి వెళ్ళిపోతుంది.

"మా పై వాటాలోకి ఎవరో పరదేశం వాళ్ళు దిగారు. పోలిష్ ముక్క రాదు, కాస్త ఇంగ్లీషు వచ్చు. వాళ్ళకి తలుపు తియ్యొద్దని మెట్ల మీద అందరూ నాకు బోధించేవాళ్ళే. నేను మాత్రం ఆ రాత్రి భోజనానికి పిలిచి తీరతా. ఈ వయసులో ఇంగ్లీషు మరెందుకనుకున్నావ్?"

కోర్దులా ఎర్ర కలం మూసేసింది. కొత్త అట్ట తీసి ఒకవైపు పోలిష్‌లో, మరోవైపు ఇంగ్లీషులో రాసింది: ‘రండి, ఈ పళ్ళెం మీకోసమే.’

అది లెయొకాదియా చేతికిచ్చి, అదే మాట ఇంకో అట్ట మీదా రాసి, దాన్ని తన సంచిలో వేసుకుంది.