ముందు సీటు డ్రైవరు

“డ్రైవరు ఏడీ?”

ఆమె ప్రత్యేకంగా ఎవర్నీ అడగలేదు. అరవై దగ్గర్లో ఉంటుంది. బూడిదరంగు కోటు వేసుకుని, చేతిసంచిని గుండెలకు హత్తుకుని ప్లాట్‌ఫారం అంచున నిలబడింది. తెరుచుకున్న తలుపులోకి ఒక కాలు పెట్టబోయి మళ్ళీ వెనక్కి తీసుకుంది.

ముందు సీట్లో కూర్చున్న ఓట్‌మార్ రాడెమాకర్ అది చూశాడు. పశ్చిమ బెర్లిన్‌లో ఈ అయస్కాంతపు బండి జనాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టి అప్పటికి రెండు వారాలే అయింది. దానికి డ్రైవరు లేడు. ఓట్‌మార్ మాత్రం ముప్పై ఏళ్ళు మెట్రో నడిపి రిటైరైన మనిషి. అరవై ఒకటిలో గోడ లేచి లైను తెగిపోయేదాకా ఇదే ప్లాట్‌ఫారం మీదుగా తూర్పు వైపుకి బండి తోలేవాడు. ఇన్నేళ్ళకి మళ్ళీ ఆ దారిన ఏదో ఒకటి కదులుతోందని తెలిశాక ఇంట్లో కాలు నిలవలేదు. పాత డ్యూటీ టోపీ పెట్టుకుని వచ్చి ముందు అద్దం దగ్గర కూర్చునేవాడు.

ఇప్పుడు ఆ టోపీ సర్దుకున్నాడు.

“నేనేనమ్మా డ్రైవర్ని. రండి.”

ప్లాట్‌ఫారం చూసుకునే యోఖెన్ ఏదో అనబోయాడు. ఓట్‌మార్ కన్ను గీటేసరికి నోరు మూసుకున్నాడు.

“మిమ్మల్ని నమ్మొచ్చా?” అందామె.

“ముప్పై ఏళ్ళలో ఒక్క ముసలమ్మని కూడా కాలవలో పడెయ్యలేదు.”

“ముసలమ్మ ఎవరు?” అంటూనే ఎక్కి పక్క సీట్లో కూర్చుంది.

బండి కదిలింది. ఓట్‌మార్ అద్దం కింది అంచు మీద గంభీరంగా చెయ్యి వేశాడు. దారిలో కాలవ మీది వంతెన దాటుతుంటే ఆమె కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకి వంచింది. పాపం, ప్రార్థన చేసుకుంటోంది కాబోలు అనుకున్నాడు.

“ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది?” అంది కళ్ళు తెరవకుండానే.

“ఇంకెవరిది? నాదే!”

ఆమె కళ్ళు తెరిచి అతన్ని తేరిపార చూసింది. “అలా అనేవాళ్ళు ఒకరుంటే ఎంత బాగుంటుందో,” అంది. చివరి స్టేషన్లో దిగుతూ అడిగింది: “వచ్చే బుధవారం కూడా మీరేనా?”

“నేనే,” అన్నాడు ఓట్‌మార్. ఆ అబద్ధంతో అతని బుధవారాలన్నీ బుక్కైపోయాయి.

ఆమె పేరు గెర్లిండె పాసెవాల్క్. ఒంటరి మనిషి. ఆమె ప్లమ్ పళ్ళ కేకు తెచ్చేది, అతను ఫ్లాస్కులో కాఫీ తెచ్చేవాడు. యోఖెన్ ప్రతివారం “కెప్టెన్, దారి చూసి నడపండి!” అని ప్లాట్‌ఫారమంతా వినబడేలా అరిచేవాడు. ఓట్‌మార్‌కి చెమటలు పట్టేవి.

“ఇది గాల్లో తేలుతుందా, చక్రాల మీద పోతుందా?” అని ఒకసారి అడిగిందామె.

“రెండూను. బరువులో ముప్పాతిక అయస్కాంతం మోస్తుంది. మిగతా పావు చక్రాలు.”

“పావా? అంత ఎక్కువా?”

“ఇవన్నీ మీకు అర్థం కావు లెండి. కేకు తినండి.”

ఆమె బుద్ధిగా కేకు తింది.

నవంబరులో గోడ పడిపోయింది. ఆ తర్వాతి బుధవారం బండిలో కాలు పెట్టే సందు లేదు. తూర్పు నుంచి వచ్చిన జనం అరుస్తున్నారు, పాడుతున్నారు, ముక్కూ మొహం తెలియనివాళ్ళని కౌగిలించుకుంటున్నారు. ఒక ముసలాయనకి ఓట్‌మార్ తన సీటు ఇచ్చేశాడు. ఆయన చిన్నపిల్లాడిలా అద్దానికి ముక్కు ఆనించి “తేలుతోంది! తేలుతోంది!” అని కేకలు పెట్టాడు. గెర్లిండె నవ్వుతూనే ఏడ్చింది. ఆ రోజు ఏడవనివాళ్ళు ఎవరని!

కొన్నాళ్ళకి కబురు తెలిసింది. తెగిన మెట్రో లైనుని మళ్ళీ కలుపుతారట. అది వెయ్యాలంటే ఈ బండి పట్టాలు పీకెయ్యాలి.

“నా లైను! నా పాత లైను మళ్ళీ వస్తోంది!” ఓట్‌మార్ ఆనందం పట్టలేక ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. “మంచిదేగా,” అని ఆమె కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. మన బుధవారాలు పోతాయని బెంగ కాబోలు అనుకున్నాడు. అతని గుండె చిన్నగా గంతేసింది.

తొంభై ఒకటి జూలై ఆఖరి రోజు. బండికి కూడా అదే ఆఖరి రోజు. అదీ బుధవారమే. యోఖెన్ వాళ్ళిద్దరికీ ముందు సీట్లు ఆపి ఉంచాడు. కాలవ దాటాక ఓట్‌మార్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“గెర్లిండె గారూ, ఒక్క మాట. నేను డ్రైవర్ని కాను. అసలు దీనికి డ్రైవరే లేడు.”

“తెలుసు.”

“ఎప్పట్నించి?”

“మీరు కన్ను గీటకముందు నించీ.”

ఓట్‌మార్ చెవులు ఎర్రబడ్డాయి. “మరి రెండేళ్ళు ఎందుకు ఊరుకున్నారు? కోపం రాలేదా?”

“వారం వారం నన్ను క్షేమంగా దింపిన మనిషి మీద కోపమేమిటి? మీ లైను వచ్చాక తూర్పు దాకా తీసుకెళ్ళాలి. బుధవారం బుధవారం.”

ఓట్‌మార్ తలూపాడు. కాసేపటికి ఇద్దరికీ నవ్వాగలేదు.

“ఆ మొదటిరోజు మాత్రం నిజంగానే భయపడ్డారు కదూ?” అన్నాడు.

“వణికిపోయాను. మీరు టోపీ పెట్టుకుని అంత దర్జాగా కూర్చోకపోతే వెనక్కి వెళ్ళిపోయేదాన్నే.”

“ఎంత అమాయకులండీ! లెక్కలన్నీ సరిచూసుకోకుండానే బండి కడతారా ఎవరైనా?”

గెర్లిండె అతని టోపీ తీసుకుని తన తల మీద పెట్టుకుంది.

“ఆ లెక్కలు కట్టింది నేనే.”