సంఘంలో రాజీ లేదు

రత్తమ్మ వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. స్టేజీ డాన్సర్ల సంఘం ప్రెసిడెంటు లక్ష్మీతిరుపతమ్మ వచ్చి ఎదురుగా నిలబడినా తల ఎత్తలేదు. నులకమంచం మీద ఫోను చూస్తున్న కొడుకు కోటిబాబు మాత్రం లేచి కూర్చున్నాడు.

"మా ఇంటికాడ నీకేం పని?" అన్నాడు.

తిరుపతమ్మ అతనికి బదులివ్వకుండా రత్తమ్మకే చెప్పుకొచ్చింది. తిరునాళ్ళలో పాట నడుస్తుండగా ఒకడు స్టేజీ ఎక్కి, డాన్సర్ వెన్నెలను చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. ఆ పిల్ల రాళ్ళ మీద పడింది. ఇప్పుడు గుంటూరు ఆసుపత్రిలో ఉంది, నడుము కింద స్పర్శ లేదు. లాగినవాడెవడో ఊరికంతా తెలుసు. స్టేషనుకు వచ్చి పేరు చెప్పేవాళ్ళే లేరు.

"నీ కొడుకేనంటన్నారు అక్కా. ఎస్సై అడిగితే నువ్వేం చెప్తావో కనుక్కుందామని వచ్చా."

"మావాడు ఆ పొద్దు ఇంట్లోనే ఉన్నాడు."

ఆమె చేతులు ఆగలేదు. ఆ పొద్దు కొడుకు చొక్కాకు అంటుకుని వచ్చిన డాన్సు బట్టల చమ్కీలను ఏరి పొయ్యిలో వేసింది ఆమే.

కోటిబాబుకు ధైర్యం వచ్చింది. పెద్దమనుషులు కూర్చుంటారని, ఆసుపత్రి ఖర్చు ఊరే పెట్టుకుంటుందని, కేసు మానుకుంటే అందరికీ మంచిదని నచ్చచెప్పబోయాడు.

"మా సంఘంలో రాజీ లేదు నాయనా. స్టేజీ మీద మనిషిని ముట్టుకుంటే కేసే. ఊరంతా వచ్చి కాళ్ళు పట్టుకున్నా అంతే."

"ఊరూరా ఎగిరేవాళ్ళకు సంఘం ఒకటి, దానికి మళ్ళా రూలు. ఎవతె పెట్టిందే ఆ రూలు?"

తిరుపతమ్మ రత్తమ్మ వైపు చూసింది. రత్తమ్మ చేతులు అప్పుడు ఆగాయి.

"చెప్పమాక, తిరుపతీ," అంది మెల్లగా.

"ఆ పిల్ల ఇంక నడవదక్కా."

తిరుపతమ్మ కొంగుతో మొహం తుడుచుకుని కోటిబాబు వైపు తిరిగింది.

"మీ అమ్మే పెట్టింది. పెళ్ళి కాకముందు మాతో ఆడేది. ఆమెనూ ఇట్టాగే లాగి పడేశారు. రాజీకొచ్చిన పెద్దమనుషులను ఎల్లగొట్టి, సంఘంలో ఆ రూలు పెట్టించింది."

కోటిబాబుకు అవమానం కన్నా భయమే ఎక్కువైంది.

"అది పాతమాట. రేపు ఎస్సై వస్తే నేను ఇంట్లోనే ఉన్నానని చెప్తావు గదా అమ్మా?"

రత్తమ్మ లేచి పైట సర్దుకుంది. కొడుకును దాటి, మెట్లు దిగి, పోలీస్ స్టేషన్ దారి పట్టింది.