నల్లమల పొగ టీ

“రేపట్నుంచి నువ్వు కొండకు పోవద్దు,” అన్నాడు తిమ్మయ్య.

పాలగిన్నెను కొబ్బరి పీచుతో బరబరా తోముతున్న సరస్వతమ్మ తలెత్తి మొగుడి వైపు చూసింది. “ఎందుకో?”

“మీరంతా కట్టలు కట్టి వంక నీళ్ళు తేట చేస్తే, నా టీ ఎవురు తాగుతారు?”

వినడానికి విడ్డూరంగా ఉన్నా, తిమ్మయ్య బాధ తిమ్మయ్యది. ఎండాకాలంలో రుద్రవరం పైనున్న కొండ తగలబడింది. తొలి వానకే బూడిదంతా ఊరు తాగే వంకలోకి దిగి నీళ్ళు నల్లబడ్డాయి. మళ్ళీ దిగకుండా ఆడవాళ్ళంతా కాలిన వాలు మీద రాళ్ళ కట్టలు కడుతూ, గడ్డి విత్తనాలు చల్లుతున్నారు. పొద్దున్నే పక్కింటి కృపమ్మ వచ్చి కేకేయడం ఆలస్యం, సరస్వతమ్మ టీ అంగడి వెనక పొయ్యి మీద పాలు పెట్టేసి, గంప ఎత్తుకొని ఒకటే పరుగు.

సరిగ్గా ఆ రోజుల్లోనే తిమ్మయ్య టీకి పొగ వాసన పట్టింది. ఆళ్లగడ్డలో పాఠాలు చెప్పే శాంసన్ ఒక గుక్క తాగి, “ఏందన్నా ఇది! అడివినంతా గ్లాసులో పోసినావే!” అన్నాడు. అంతే! నంద్యాల నుంచి కార్లేసుకొని మరీ రావడం మొదలుపెట్టారు. అంగడికి ‘నల్లమల పొగ టీ’ అని బోర్డు కూడా లేచింది. గ్యాసు పట్టేస్తుందని తిమ్మయ్య మాత్రం టీ ముట్టడు. ముట్టకపోయినా, ఆ రుచి బూడిద నీళ్ళదేనని ఎవరడిగినా గుండెల మీద చెయ్యేసుకొని చెబుతాడు.

“వానలు ముదిరేలోపు పైకట్ట పూర్తి కాకుంటే బూడిదంతా మళ్ళీ దిగుతాది. పిల్లోళ్ళు తాగే నీళ్ళు గదా!” అంది సరస్వతమ్మ.

“పిల్లోళ్ళు టీ కొంటారా? పోతే నా మీద ఒట్టే!”

మొగుడు ఒట్టు పెట్టాక ఏం చేస్తుంది పాపం? మరునాడు పొయ్యి ముందే పీట వేసుకొని, మూతి ముడుచుకొని కూర్చుంది.

ఆ పూట శాంసన్ ఒక గుక్క తాగి మొహం అదోలా పెట్టాడు. “ఏందన్నా, ఉత్త టీ ఇచ్చినావ్?”

కార్లవాళ్ళు గ్లాసులు సగంలోనే వదిలేసి పోయారు. తిమ్మయ్య క్యాను పట్టుకొని వంకకు పరిగెత్తాడు. నీళ్ళు నల్లగానే ఉన్నాయి! వెతికి వెతికి, బొగ్గులు తేలే చోట ముంచుకొచ్చాడు. అయినా ఉత్త టీయే. మరునాడూ అంతే.

“కొత్త బూడిద దిగనీకుండా మీ కట్ట ఆపేస్తాంది. పోయి రెండు రాళ్ళు పీకేసి రా,” అన్నాడు, గత్యంతరం లేక.

“పోవద్దని ఒట్టు పెడితివి గదా.”

“ఒట్టు తీసి గట్టున పెట్టినా. పో తల్లీ, నీకు దండం పెడతా!”

సరస్వతమ్మ నవ్వు దాచుకొని, పాలు పొయ్యి మీద పెట్టి, గంప ఎత్తుకుంది.

ఆ రోజే పొగ తిరిగొచ్చింది. శాంసన్ రెండు గ్లాసులు తాగాడు. తిమ్మయ్య ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

“రాళ్ళు పీకినావా?” అని ఇంటికొచ్చిన పెళ్ళాన్ని అడిగాడు.

“పీకినా, పీకినా.”

అప్పట్నుంచి రోజూ కృపమ్మ కన్నా ముందు తిమ్మయ్యే తొందరపెట్టేవాడు. “ఏమే, ఇంకా పోలేదా?”

చివరికి పెద్ద వాన రానే వచ్చింది. పూర్తయిన పైకట్టలో ఒక్క రాయి కూడా కదల్లేదు. బూడిదంతా దాని వెనకే ఆగిపోయింది. వంక అడుగున గులకరాళ్ళు కనిపిస్తుంటే ఊరు ఊరంతా వచ్చి చూసింది. అంగడి దగ్గర కార్లు మాత్రం తగ్గలేదు.

పక్క వాలు మీద ఇంకో కట్టకు రాళ్ళందిస్తూ కృపమ్మ బుగ్గలు నొక్కుకుంది. “నీళ్ళు ఇంత తేటపడినా, మీ టీకి ఆ పొగ వాసన యాడిదక్కా?”

సరస్వతమ్మ కొంగుతో చెమట తుడుచుకుంది.

“నేనీడ రాళ్ళు మోస్తాంటే, ఆడ పాలు అడుగంటుతాంటాయి.”