కొండలెక్కే సైకిలు

"గట్టిగా కూర్చోని ఊగి చూడన్నా, పరుపు మాదిరి ఉంటాది," అన్నాడు రామనారాయణ.

హర్ష సైకిలెక్కి ఊగాడు. ముందూ వెనకా ఉన్న స్ప్రింగులు మెత్తగా దిగి లేచాయి. ఉదయగిరి కొండ అప్పుడే సగం ఎక్కేసినంత సంబరమైంది అతనికి.

"ఇంత మంచి సైకిలు సగం ధరకే ఇస్తా ఉండావేందబ్బా?"

"పాత మోడలు గదన్నా. కొత్తవి దిగినాయి."

హర్ష భార్య మధులత వంగి చూసింది. "టైరు గాడుల్లో ఇవేంది, నిమ్మగింజలా?"

"కొన్న రోజు పూజ చేసి నిమ్మకాయ తొక్కించినాం వదినా."

"ఒక్క కాయలో ఇన్ని గింజలా?"

రామనారాయణ తల గోక్కున్నాడు. "నాకు అమ్మినాయన కూడా తొక్కించినాడు. ఆయనకి అమ్మినాయన కూడా."

"మరి కొండ?" అన్నాడు హర్ష.

"అందరం దానికే కొన్నామన్నా. డాక్టరు పొట్ట తగ్గించమన్నాడని."

హర్ష అతని పొట్ట వంక చూసి, తన చొక్కా కిందికి లాక్కున్నాడు. "నేనట్టా కాదులే. ఈ ఆదివారమే ఎక్కతాండా."

వీధిలో హారన్ మోగింది. "సార్, ఆటో తెమ్మన్నారంట? సైకిలు యాడికి చేర్చాల?"

"పక్క వీధికే," అంది మధులత.

ఆమె సంచిలోంచి నిమ్మకాయ తీసి, చక్రం కింద పెట్టబోయింది. హర్ష ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దులే. రేపు మన దగ్గర కొనేవాళ్లు గింజలు చూస్తారు."