ఎనిమిది పాటల దూరం

"ఈ లెక్క తప్పప్పా."

కెన్నెత్ పరిచిన కాగితం మీదికి ఎదురు బెంచీ ముసలాయన వేలు వచ్చి పడింది.

కూరెకుప్ప టీ హోటల్లో ఎవరి పనిలోనైనా ఎవరైనా వేలు పెట్టొచ్చు. అయినా కెన్నెత్‌కు చిరాకేసింది. స్టీలు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి నేరుగా వచ్చి కూర్చున్నాడు. తెల్లారితే సైకిల్ యాత్ర. శుక్రవారం పొద్దున బళ్లారిలో బయలుదేరాలి, ఏడు ఊళ్లు తిరగాలి, ఆదివారం తొమ్మిదింటి ఆరాధనకు బళ్లారి చర్చిలో ఉండాలి. సోమవారం మళ్లీ షిఫ్టు.

"ఏం తప్పు తాతా?"

"చోరనూరు మొదట పెట్టినావు, కెంచనగుడ్డ కడాకు పెట్టినావు. తిప్పి పెట్టు. ఆషాఢం గాలి పడమటి నుంచి వస్తాది. చోరనూరు కడాకు పెట్టుకుంటే, ఇంటికొచ్చేటప్పుడు గాలే నిన్ను తోస్తాది. కెంచనగుడ్డ నుంచి వచ్చే సిరుగుప్ప దారిలో పక్కనుంచి కొట్టిందంటే సైకిల్ నిలవదు."

"ఫోన్‌లో చూసే వేసినా."

"ఫోనుకు గాలి తగలదు గదప్పా."

కెన్నెత్‌కు నవ్వొచ్చింది.

"అంత తెలిస్తే చెప్పు. ఈడ్నుంచి సండూరు ఎంత దూరం?"

"ఎనిమిది పాటలు."

"ఏంది?"

"ఎనిమిది పాటల దూరం. ఆడ్నుంచి చోరనూరు ఇంకో పది."

"పాటంటే మూడు నిమిషాలు. ఇరవై నాలుగు నిమిషాల్లో సండూరా? మా బాస్ కారు కూడా పోలేదు."

"మీ పాటలు పొట్టివి లేప్పా."

ముసలాయన చూపు కాగితం పక్కనున్న పాత నోటుబుక్కు మీద నిలిచింది. అదేందని అడిగాడు.

"మా తాతది. ఆర్థర్ అని, మిషన్లో సువార్తికుడు. నెలకోసారి ఈ ఏడు ఊళ్లూ సైకిల్ మీద తిరిగి, ప్రతి ఊళ్లో ప్రార్థన పెట్టి, మూడోరోజుకు బళ్లారి చేరేవాడంట. గేర్లు లేని సైకిల్. ఎట్లా తిరిగినాడో నాకు అంతుపట్టదు."

అంతుపట్టకే ఈ యాత్ర పెట్టుకున్నాడు. పైగా అవ్వ కృపమణికి మాటిచ్చాడు. అవ్వకు చూపు బాగా తగ్గింది. ఆ ఊళ్లు చూసొచ్చి, ఆదివారం గుళ్లో తన పక్కన కూర్చుని చెప్పమంది. ఆమె ఇంతవరకు అతన్ని ఏమీ అడిగింది లేదు.

"అమ్మగారు ఉండారా?" అన్నాడు ముసలాయన.

"మా అవ్వా? ఉంది. ఎనభై ఎనిమిది. ఆదివారం తొమ్మిదికి చర్చికి వస్తాది."

ముసలాయన టీ గ్లాసు పక్కన పెట్టి నోటుబుక్కు వైపు వంగాడు.

"ఆ బుక్కులో మనుషుల పేర్లు ఏమన్నా రాసినాడా అయ్య?"

"ఊళ్ల పేర్లే ఉండాయి."

ముసలాయన చెయ్యి చాచాడు. టీ మరకలవుతాయని కెన్నెత్ నోటుబుక్కు సంచిలో పెట్టేశాడు.

"నీ పేరేమప్పా?"

"కెన్నెత్."

ఇంతలో బస్సొచ్చింది. "తిప్పి పెట్టుకో" అంటూ ముసలాయన లేచాడు.

"ఆయ్తు తాతా, అట్లే పెట్టుకుంటా" అన్నాడు కెన్నెత్. అన్నాడే గానీ తిప్పలేదు.

రెండు రోజులు బాగానే సాగింది. ఆదివారం చీకటితోనే కెంచనగుడ్డ నుంచి బయలుదేరాడు. సిరుగుప్ప దాటగానే గాలి పక్కనుంచి అందుకుంది. రెండుసార్లు కిందపడ్డాడు. చాలాసేపు సైకిల్ తోసుకుంటూ నడిచాడు.

చర్చి చేరేసరికి పన్నెండున్నర. అందరూ వెళ్లిపోయారు. ముందు బెంచీలో అవ్వ, ఆమె పక్కన కెన్నెత్ చెల్లెలు డెబోరా మాత్రమే ఉన్నారు.

"లేటయింది అవ్వా."

"వచ్చినావు గదా, కూర్చో."

ఆ మాటకు కెన్నెత్‌కు ఇంకా సిగ్గేసింది.

డెబోరా అంది, "అన్నా, ఒక ముసలాయన నీకోసం వచ్చినాడు. తొమ్మిదికి ముందే వచ్చి గేటుకాడ నిలబడుకున్నాడు. కెన్నెత్ అప్ప వచ్చినాడా అని మూడుసార్లు అడిగినాడు. లోపలికి రమ్మంటే రాడు. ఆయప్ప వస్తే అమ్మగారి దగ్గరికి పిల్చుకోని పోతాడులే అన్నాడు. చూసి చూసి పన్నెండు బస్సుకు పోయినాడు."

"ఎవురురా?" అంది అవ్వ.

"కూరెకుప్పలో కలిసినాడు. చోరనూరు కడాకు పెట్టుకోమని చెప్పినాడు, నేనే వినలేదు."

"పేరేం?"

"అడగలేదు."

"యా ఊరు?"

"అదీ అడగలేదు. వింత మనిషి అవ్వా. సండూరు ఎనిమిది పాటల దూరమంటాడు."

అవ్వ చెయ్యి తడుముకుంటూ వచ్చి కెన్నెత్ మోచెయ్యి పట్టుకుంది.

"ఇంగోసారి చెప్పు."

చెప్పాడు. అవ్వ కళ్లు నిండాయి.

"ఎన్నేండ్ల నుంచి అడగతాండాను ఆ మనిషి కోసం. చచ్చిపోయినాడనే అన్నారు అందరూ."

"ఎవరవ్వా? తాత పాటలు పాడతా తొక్కేవాడా, ఆయన వినేవాడా?"

అవ్వ తల అడ్డంగా ఊపింది.

"మీ తాతకు సైకిల్ తొక్కను రాదు నాయనా. క్యారియర్ మీద కూర్చోని పాడేది ఆయన, పదకొండేండ్లు ఈ ఏడు ఊళ్లూ ఆయన్ను మోసుకోని తొక్కినోడు హంపన్న."