తలకిందులుగా కట్టిన మొక్క

పొద్దున్నే జ్యోతిర్మయి డాబా మీదికెళ్ళి చూసేసరికి...

ఎడారి గులాబీ కుండీ ఖాళీ!

మొక్కేమో వాటర్ ట్యాంకు నీడలో తలకిందులుగా వేలాడుతోంది. దుంప నిండా పసుపు. కింద కోసి పడేసిన వేళ్ళు.

అది భర్త దుర్గాశంకర్ పెట్టిన మొక్క. ఎండ మండేకొద్దీ విరగబూసే మొండిది. ఆయన పోయి ఏడాది. వారం నుంచి ఆకులు వాడుతుంటే, దాహమేమో పాపం అని పూటకో చెంబు పోస్తూ వచ్చింది.

పక్కనే చీపురు పట్టుకుని తెరేసమ్మ నిలబడి ఉంది. పటమటలోని ఆ అపార్ట్‌మెంట్‌లో ఊడవడానికి చేరి పది రోజులు కాలేదు.

"నువ్వేనా చేసింది?"

"నేనేనమ్మా. అదీ..."

"పసుపేంటి? తలకిందులుగా కట్టడమేంటి? నా ఇంటి మీద చేతబడి చేస్తావా?"

"అయ్యో, ప్రభువు మీద ఒట్టమ్మా! నీళ్ళెక్కువై అడుగున కుళ్ళిందండీ. కుళ్ళు కోసి పసుపు రాశాను."

"నీళ్ళు పోస్తే మొక్క చస్తుందా? ఎవరికి చెబుతావ్ కబుర్లు!"

అరుపులకి ఫ్లాట్లవాళ్ళంతా పైకొచ్చారు. పసుపు చూసి రెండడుగులు వెనక్కేశారు.

"మొన్న లిఫ్ట్ ఆగింది కూడా ఈవిడొచ్చాకేనండీ," అన్నాడు సెక్రటరీ హర్షవర్ధన్. లిఫ్టుకీ చీపురుకీ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి!

"వారం ఆరనివ్వండమ్మా, బతుకుద్ది. ఈ మొక్క నాకు తెలుసు, మీ సారు..."

"ఆయన పేరెత్తావంటే మర్యాద దక్కదు. దిగు కిందికి!"

తెరేసమ్మ చీపురు గోడకి చేరేసింది. మొక్కకేసి ఒకసారి చూసింది.

"నీళ్ళు మాత్రం పొయ్యకండమ్మా," అని మెట్లు దిగిపోయింది.

జ్యోతిర్మయి గబగబా తాడు తెంపి, పసుపు కడిగేసి, మొక్కని మళ్ళీ కుండీలో నాటింది. కసికొద్దీ బిందెడు నీళ్ళు గుమ్మరించింది.

నాలుగో రోజుకి దుంప మీద వేలు పెడితే లోపలికి దిగిపోయింది. ఒకటే కంపు. కుండీ పక్కనే కూలబడి భోరున ఏడ్చింది.

అలాంటిదే ఇంకొకటైనా తెచ్చుకుందామని భర్త పాత ఫోను తెరిచింది. కంకిపాడు నర్సరీలో తెచ్చానని అప్పట్లో చెప్పినట్టు గుర్తు. ఆ నర్సరీ పేరు ఎక్కడైనా ఉంటుందేమో.

ఆయన ఎవరికో వాట్సాప్‌లో పంపిన ఫొటో ఒకటి దొరికింది.

నర్సరీ గేటు ముందు దుర్గాశంకర్, చేతిలో అదే కుండీ. పక్కన మట్టిచేతులతో నవ్వుతూ తెరేసమ్మ.

కింద ఆయన రాసిన మాట: "చావబోయిన మొక్కని వారం రోజులు తలకిందులుగా వేలాడదీసి, బతికించి నా చేతిలో పెట్టింది, మా మొక్కల డాక్టరమ్మ."