నీళ్ళు తాగని కోడలు

"ఈ సీసాని ఊరేగించడానికి తీసుకెళ్తున్నావా, తాగడానికా?" బస్సు కండక్టరుగా డ్యూటీ దిగి వచ్చిన కోడలిని, పొద్దున నింపినట్టే ఉన్న నీళ్ళ సీసా చూపిస్తూ అత్తగారు నిలదీసింది.

"సీసాకి కూడా పంచాయితీయేనా అత్తయ్యా? మర్చిపోయాను."

విసుగ్గా లేచిన కోడలు తూలి గోడ పట్టుకుంది. అత్తగారు గబుక్కున కూర్చోబెట్టింది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ముంజేతి మీద చర్మం గిల్లి వదిలితే ముడత అలాగే నిలబడింది.

"ఒంటికి వెళ్తే ఏ రంగులో వస్తోందే?"

"ఛీ, ఏం ప్రశ్నలు! టీ డికాషన్‌లా. మంట కూడా."

"మరి తాగడానికేం రోగం?"

కోడలు తల దించుకుంది. "తాగితే వెళ్ళాలిగా అత్తయ్యా. డిపోలో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి మేనేజరు జేబులో. అడిగితే 'మళ్ళీనా?' అని అందరిముందూ నవ్వుతాడు."

ఇన్నాళ్ళూ నిర్లక్ష్యమని తిట్టిన అత్తగారు లేచి వంటింట్లోకి నడిచింది. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు దగ్గరుండి తాగించింది.

భోజనాల దగ్గర కొడుకు, "రేపు సెలవు పెట్టు," అన్నాడు భార్యతో.

"రేపొక్కరోజే," అంది అత్తగారు. "ఎల్లుండి దాంతోపాటు నేనూ డిపోకి వెళ్తున్నా. గంటకోసారి వెళ్ళాల్సిన వయసు నాది. ప్రతిసారీ ఆ మేనేజరునే తాళంచెవి అడుగుతా, అందరిముందూ. ఎన్నిసార్లు నవ్వుతాడో చూస్తా."